మూడు కార్ఖానాల ఊపు, ఒక్క అంకె

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను పట్టుకుని అడిగే మొదటి మాట, "కాకా, క్వాంటమ్ అంటే ఏంది?" అని. నాకు తెలియదని చెబుతాను. వాళ్లు నవ్వుతారు, పెద్దాయన వినయం చూపిస్తున్నాడనుకుంటారు. వినయం కాదు నాయనా, నిజం. ఏడో తరగతి మధ్యలో బడి నన్ను వదిలేసింది. నేనే బడిని వదిలేశానని మా ఇంట్లో ప్రచారం. ఆ తర్వాత నేను చదివిందల్లా కేబుళ్ల మీద అచ్చేసిన అక్షరాలూ, హోటళ్ల గోడల మీద ధరలూ.

అయినా ముంబై పక్క భివండిలో జీవితమంతా ఫైబర్ కేబుళ్లు అతికి, చివరి ఏళ్లలో క్వాంటమ్ సెన్సర్ల వలకు గాజు పోగులు కలిపి రిటైరయ్యాను. అంటే నేను పెళ్లికి పందిరి వేసినవాణ్ని. మంత్రాలు నాకు రావు. కానీ పందిరి కింద నిలబడి పెళ్లంతా చూశాను. ఆ చూసిందే ఇక్కడ రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ సాహెబు నా భుజం తట్టాడు లాంటివి అడగకండి. పెరిగింది తక్కువ, తట్టింది ఇంకా తక్కువ.

గాజు పోగు

మా నాయిన కరీంనగర్ వైపు నుంచి వచ్చి నిజాంపురాలో కూలికి సాంచాలు నడిపాడు. పవర్‌లూమును మావాళ్లు సాంచా అంటారు. పడుగులో పోగు తెగితే సాంచా ఆపి, రెండు కొసలూ వేళ్ల మధ్య నలిపి ముడి వేయాలి. ఆ ముడి బట్టలో కనిపించకూడదు. నేను నేర్చిన మొదటి విద్య అదే. ఊళ్లోకి ఫైబర్ కేబుళ్లు వచ్చిన కొత్తలో వసంత్ సేఠ్ అనే ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, నా వేళ్ల నిదానం చూసి పనిలో పెట్టుకున్నాడు. గాజు పోగు వెంట్రుకంత ఉంటుంది. దాన్ని తుడిచి, కొస నిటారుగా కోసి, రెండు కొసలూ మిషన్లో ఎదురెదురుగా పెడితే చిన్న మెరుపు మెరిసి అతుక్కుంటాయి. తుడవడం, కోయడం, ఆ క్షణంలో తుమ్మకుండా ఉండడం, ఇదీ మన విద్య.

వసంత్ సేఠ్ నాకు రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, వెలుగున్న గాజు పోగులోకి కన్ను పెట్టి చూడొద్దని. అది నిజం, నా కళ్లు ఇంకా నాకు పనిచేస్తున్నాయి. రెండోది, గాజులో పోయే వెలుగును ఎవడూ దొంగిలించలేడని. ఇది ఆయన ప్రతి గిరాకీకీ చెప్పేవాడు, చెప్పీ చెప్పీ తనే నమ్మాడు.

అంజూర్ ఫాటాలో ఒక గోదాం ఆయన ఉండేవాడు. తాను లారీ కిరాయి ఎంత చెప్పబోతున్నాడో పక్క గోదాం వాడికి ముందే తెలిసిపోతోందని ఏడుపు. లైన్లో వెలుగు కాస్త తగ్గిందని తేలడంతో అందరూ నా అతుకు మీద పడ్డారు. రోడ్డు పక్క జాయింట్ డబ్బా విప్పి చూస్తే నా అతుకు బంగారంలా ఉంది. దాని పక్కనే ఎవరో పోగును వంచి చిన్న క్లిప్పు పెట్టారు. గాజు పోగు వంగిన చోట కొద్దిగా వెలుగు బయటికి కారుతుంది. ఆ కారిన వెలుగును తాగుతూ ఒక డబ్బా కూర్చుంది. మిగతా వెలుగు ఏమీ జరగనట్టు గమ్యం చేరుతోంది. పాలగిన్నెలోంచి చెంచాడు తీసుకుంటే గిన్నె కేకలేస్తుందా? ఇదీ అంతే.

వసంత్ సేఠ్ నన్ను పక్కకు పిలిచి, క్లిప్పు సంగతి ఎత్తొద్దు, అతుకు చెడింది బాగుచేశామని చెప్పి బిల్లు వేద్దాం అన్నాడు. పేరు చెడితే ధంధా చెడుతుందని ఆయన భయం. నా అతుకును చెడ్డదనడానికి నాకు మనసొప్పలేదు, అందుకని క్లిప్పు తీసుకెళ్లి గోదాం ఆయన బల్ల మీదే పెట్టాను. ధర్మం కోసం కాదు, పొగరు కోసం. ఆ రోజు నుంచి ఒకటి మనసులో ఉండిపోయింది. మామూలు వెలుగు దొంగ చేతిలోంచి వచ్చినా నోరెత్తదు. నోరెత్తే వెలుగు కూడా ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

పప్పు దానంతటదే కలిసే చోటు

మృణాల్ మేడమ్ ఒక పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. మరాఠీ మనిషి, మాతో బజారు హిందీలో మాట్లాడేది. మేము ఊళ్లో వేసి వాడకుండా వదిలేసిన ఫైబర్ ఆమెకు కావాలి, నేల బాగా ఊగే చోటు కావాలి. అతికే మనిషిగా వసంత్ సేఠ్ నన్ను పంపాడు. మొదటి రోజు నేను తుడిచిన పోగును ఆమె మళ్లీ తుడిచింది. నా మొహం చూసి, నీ మీద అనుమానం కాదు, నలుసు మీద అనుమానం అంది. సరే, మనిషి కుదిరింది అనుకున్నాను.

భివండిలో ఊపు ఎక్కడ ఎక్కువ అని అడిగింది. లస్మక్క బిస్సీకి పోదాం, అక్కడ పప్పును గరిటెతో కలపక్కర్లేదు, దానంతటదే కలుస్తుంది అన్నాను. నా జోకులన్నీ కొలతలని ఆమెకు అప్పటికి తెలియదు.

బిస్సీ అంటే సాంచాల కూలీలు నెలవారీగా తినే చోటు. లస్మక్క మా వైపు మనిషే. నిజాంపురాలో ఒక పాత మేడ కింది భాగంలో పొయ్యి పెట్టింది, పైన రెండంతస్తుల్లో కూలీలు పడుకుంటారు. పగటి పాళీ వాళ్లు లేచిన చాపల మీద రాత్రి పాళీ వాళ్లు ఒరుగుతారు, ఆ చాపలు చల్లబడ్డ రోజు లేదు. ఆ మేడకు మూడు వైపులా మూడు సాంచాల కార్ఖానాలు, గోడకు గోడ. ఒకటి సత్తయ్య సేఠ్‌ది. ఇంకొకటి ఆయన బావమరిది రాజంది. మూడోది మునీర్ సేఠ్‌ది. సత్తయ్య, రాజం మాట్లాడుకోరు. ఒక పెళ్లిపత్రికలో ఒకరి పేరు ఇంకొకరి పేరు కింద అచ్చయిందట. ఏదైనా చెప్పాలంటే ఇద్దరూ ఒకే గదిలో ఉండి లస్మక్క ద్వారా చెప్పుకుంటారు.

వంటగోడలో పగులు ఉంది. దాని కొస దగ్గర లస్మక్క పసుపు బొట్టు పెట్టేది. పగులు బొట్టు దాటితే ఇంకో బొట్టు. మృణాల్ మేడమ్ ఆ బొట్ల వరసను చూసి పూజేమో అనుకుని చెప్పులు విడిచింది. కాదని చెప్పాక ఆ బొట్లను ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"శంకరా, ఈమెకు చెప్పు," అంది లస్మక్క. "నాకు పొయ్యి ఏడ పెట్టుకున్నా నడుస్తది. మీద పండే పోరగాండ్లు ముప్పై మందికి ఏడ జాగ దొరుకుతది? గోడ ఎన్నడు కూలుతదో ఈ మిషన్ చెప్తే చాలు."

ఊపు కొలిచే మీటర్లు లేక కాదు. అంతకుముందు ఒక కట్టడాల ఇంజనీరు మామూలు మీటర్లు పట్టుకుని వచ్చాడు. మూడు వైపుల నుంచీ వచ్చే ఊపు మొత్తం ఫలానా హద్దు దాటితే మేడ నిలవదని చెప్పాడు. కానీ ముగ్గురు సేఠ్‌లూ మీటరును గడప దాటనివ్వలేదు. కారణం సూటిది. ఎవరి అంకె పెద్దదిగా వస్తే నేరమంతా వాడిదే. వాడి కార్ఖానాకు తాళం పడుతుంది, వాడి కూలీలు రోడ్డు మీద. పైగా ఎవరి దగ్గర ఎన్ని సాంచాలు నడుస్తున్నాయో, ఎవరు ఏ పాళీలో ఎంత గుంజుతున్నారో ఆ అంకెలో పక్కవాడు చదివేస్తాడు. గుట్టు పోతుందన్న భయంతో మొత్తం తెలియలేదు, మొత్తం తెలియక పసుపు బొట్లు పెరుగుతూ వచ్చాయి.

ఇది వినగానే మృణాల్ మేడమ్ కళ్లు మెరిశాయి. మొత్తం చెప్పి, ఎవరి వంతూ చెప్పని యంత్రం తన దగ్గర ఉందట. దానికి అవసరమున్న చోటు కోసమే తిరుగుతోందట.

కలిసి పుట్టిన మూడు నలుసులు

బిస్సీ బల్ల మీద మూడు గ్లాసులు పెట్టి ఆమె నాకు చెప్పిన తీరు ఇది. పెద్ద చదువులవాళ్లు తప్పులు పట్టుకోండి, నాకేం పోదు.

ఒకచోట ఒకేసారి మూడు వెలుగు నలుసులు పుట్టిస్తారు. ముగ్గురు కవలలు. ఒక్కొక్కటీ ఒక్కొక్క గాజు పోగులో ప్రయాణించి, ఒక్కొక్క కార్ఖానా గోడకు బిగించిన డబ్బాలోకి చేరుతుంది. ఆ గోడ ఎంత ఊగితే నలుసు అంత మెలి తిరుగుతుంది. అప్పుడు డబ్బా దాన్ని ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు అవును, లేదా కాదు. అంతటితో ఆ నలుసు ఆయుష్షు సరి.

సత్తయ్య డబ్బా "అవును" అంటే సత్తయ్య గోడ గురించి ఏం తెలుస్తుంది అని అడిగాను. ఏమీ తెలియదంది. రూపాయి బిళ్ల ఎగరేసినట్టే, రోజంతా చూసినా బొమ్మ సగం, బొరుసు సగం. ముగ్గురి డబ్బాలూ అంతే. మూడు జవాబుల్నీ మైకు పెట్టి ఊరంతా చదివినా ఒక్కడి గుట్టూ బయటపడదు. కానీ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఈసారి అవునులు సరిసంఖ్యలో వచ్చాయా, బేసిసంఖ్యలో వచ్చాయా అని చూసుకుంటూ పోతే, ఆ సరిబేసుల మొగ్గులో ముగ్గురి ఊపు మొత్తం తేలుతుంది. మొత్తం మాత్రమే.

నాకు అర్థమైందనుకున్నాను. ఎవరి వంతు ఎంతో మిషన్‌కు తెలుసు, పైకి చెప్పదు, లెక్కలు రాసే మంచి మునీము లాగా, అంతే కదా అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఛుపాయా నహీ హై, శంకర్‌భావు. హై హీ నహీ."

దాచిపెట్టలేదు, అసలు లేనేలేదు. నేను ఒక గ్లాసెత్తి దాని కింద చూశాను. మా ఊళ్లో దాచినవి చాలా చూశాను. ముంతలో దాచినవి, అటక మీద దాచినవి, కడుపులో దాచుకున్నవి. దాచినదాన్ని ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు తవ్వుతాడు. లేనిదాన్ని ఎవడు తవ్వుతాడు? మొత్తం ఉంది, భాగాలు లేవు. ముగ్గురూ కలిసి పాడే పాట వినిపిస్తుంది, ఏ ఒక్కడి గొంతూ వినిపించదు, ఏ ఒక్కడి గొంతూ ఎక్కడా రికార్డు కాదు. ఇంటికి పోయి మా ఆవిడకు చెబితే, ఇంట్లో కూర మాయమైనప్పుడు మీ అన్నదమ్ములు చెప్పే మాట అదే కదా అంది.

ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. పుట్టిన నలుసుల్లో ఎక్కువ భాగం దారిలోనే పోతాయి. అతుకు కొంచెం వాలినా పోతాయి. ముగ్గురు కవలలూ క్షేమంగా చేరిన సందర్భాలే లెక్కకు వస్తాయి. అందుకే ఈ పనిలో మామూలు జాయింటర్ పనికిరాడు. ఫోన్ లైన్లో చెల్లిపోయే అతుకు ఇక్కడ చెల్లదు. నేను నా అతుకుల్లో చాలావాటిని కోసి పారేసి మళ్లీ వేశాను. పైన నా అతుకు బంగారమని రాశాను కదా, ఇక్కడికొచ్చాక అది ఇత్తడని తేలింది.

చుట్టం వచ్చిండు

ముగ్గురు సేఠ్‌లనూ ఒప్పించడానికి నేనే తిరిగాను. మీ వంతు ఎవరికీ తెలియదని ఒక్కొక్కరికీ చెప్పాను. ముగ్గురూ తలూపారు. డబ్బాలు బిగించాం.

మొదటి కొలత నాడు అంకె వచ్చింది. సున్నా.

మృణాల్ మేడమ్ మొహం వాడిపోయింది. మిషన్ చెడిందనుకుంది. ముందు ఆమె పెట్టె చూసుకుంది, తర్వాత, మర్యాదగానే, నా అతుకుల వైపు చూసింది. నేను పరీక్ష మిషన్ పట్టుకుని వీధిలోకి వచ్చాను. ఏదో తేడాగా ఉంది, ఏమిటో అందలేదు. పావురాలు రెక్కలు కొట్టుకోవడం వినిపించింది. నిజాంపురాలో పావురాల రెక్కలు వినడం నా జన్మలో అదే మొదటిసారి.

లస్మక్క గరిటెతో బయటికొచ్చింది. "ఏందిరా గిట్ల సప్పుడు లేదు? ఎవరు సచ్చిన్రు?"

ఎవరూ చావలేదు. మా పేటలో ఒక అలవాటు ఉంది. కరెంటు సాహెబు గానీ, ఇంకే తనిఖీ మనిషి గానీ మలుపు తిరిగితే ఎవరో ఒకరు "చుట్టం వచ్చిండు" అంటారు. ఆ మాట కార్ఖానా నుంచి కార్ఖానాకు పాకుతుంది, సాంచాలు ఆగుతాయి. ముగ్గురు సేఠ్‌లూ నాకు తలూపి, కొలత మొదలు కాగానే ఎవరి సాంచాలు వారు బంద్ పెట్టారు. ప్రతి ఒక్కడూ తానొక్కడే తెలివైనవాణ్ననుకున్నాడు. పక్కవాళ్ల ఊపు పడుతుంది, నాది పడదు అని.

లోపలికి వెళ్లి, మేడమ్, మీ మిషన్ బ్రహ్మాండంగా ఉంది, చెడింది మనుషులు అని చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకో చెప్పాక నేనూ ఆగలేకపోయాను. ఊపు అనేది సున్నాకు తక్కువ ఉండదు. మొత్తం పది అయితే ఎవరిది ఎంతో చెప్పలేం. మొత్తం సున్నా అయితే? ముగ్గురిదీ సున్నాయే. ఎవరి గుట్టూ బయటపెట్టని ఈ వలలో గుట్టంతా బయటపెట్టే అంకె అదొక్కటే. దాక్కోవడానికి మావాళ్లు సరిగ్గా దాని వెనక్కే పోయారు.

ఆ మధ్యాహ్నం బిస్సీలో ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. "మీరు ఎంత మంచిగ దాచిన్రంటే, ముగ్గురు దాచిన్రని ఊరందరికి ఎరికైంది. సాంచాలు నడిపిచ్చి ఉంటే ఎవ్వనికి ఏం తెల్వకపోవు."

మునీర్ సేఠ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. సత్తయ్య లస్మక్కతో, "నేనొక్కన్నే బంద్ చేసిన అనుకున్నక్కా" అన్నాడు. రాజం కూడా లస్మక్కతోనే, కొందరు బంద్ పెడతారని తనకు ముందే ఎరికేనన్నాడు. మరి నువ్వెందుకు పెట్టినవురా అని ఆమె అడిగితే చాయ్ తాగడంలో మునిగిపోయాడు.

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. యంత్రం గుట్టు కాపాడితే సరిపోదు. కాపాడుతుందని మనుషులు నమ్మాలి. నమ్మకపోతే యంత్రం ముందు వాళ్లు నాటకం ఆడతారు, ఆ నాటకాన్ని నువ్వు అమూల్యమైన సమాచారం అని రాసుకుంటావు. తలూపిన మనిషి ఒప్పుకున్నాడని నేను అనుకున్నాను. దాన్ని ఒప్పుకోలు అనరు, పలకరింపు అంటారు.

మేడమే దొంగైతే

అప్పుడు రాజం ఒక ప్రశ్న వేశాడు. మేడమ్‌కు తెలుగు రాదన్న ధైర్యంతో నాతో మెల్లిగా అన్నాడు. "శంకరన్నా, పక్కోడు దొంగ, ఒప్పుకున్న. మరి మేడమే దొంగైతే? నలుసులు పంపేదే ఆమె. నా గుట్టు మోసుకపోయే నలుసు ఏదన్న కలిపి పంపితే నాకెట్ల తెలుస్తది?"

ఎలా అనువదించాలో తెలియక నీళ్లు నమిలాను. చెప్పక తప్పలేదు. ఆమెకు కోపం వస్తుందనుకుంటే, పండగ వచ్చినట్టు లేచి నిలబడింది. ఇన్నేళ్లుగా ఆమె చదివింది ఆ ఒక్క ప్రశ్నకు జవాబేనట. నన్ను నమ్మొద్దని చెప్పు అంది. నమ్మకుండానే పని జరగాలి, పనితనమంటే అదీ అంది.

జవాబు మావాళ్లకు అరటిపండు ఒలిచినంత తేలిక, ఎందుకంటే బట్ట వ్యాపారంలో అదే నడుస్తుంది. మాల్ కొనేవాడి మనిషి వచ్చి, వందల థాన్లలో తనకు తోచిన దాన్ని లాగి, ఒక ముక్క చింపి, లాగి చూస్తాడు, నీళ్లలో పెట్టి చూస్తాడు. చింపిన ముక్క మళ్లీ బట్టలో కలవదు, పోయినట్టే. ఏ థాను లాగుతాడో ముందు తెలిస్తే దాన్నొక్కదాన్నే బాగా నేస్తారు. తెలియదు కాబట్టి అన్నీ బాగా నేయాల్సిందే.

నలుసుల జట్లూ అంతే. వచ్చే జట్లలో ఏవి కొలతకు, ఏవి పరీక్షకు అన్నది మేడమ్ నిర్ణయించదు. అవి చేరాక మూడు కార్ఖానాల డబ్బాలే చీటీలు వేసుకుంటాయి. పరీక్షకు పడిన జట్టు చింపిన గుడ్డముక్క లాంటిది, మళ్లీ పనికిరాదు. కానీ ఆ పరీక్షల్లో జట్లు నిజమైన కవలలేనని తేలితే మిగతావీ నిజమేనని గట్టిగా నమ్మొచ్చు. దారిలో ఎవడు చెయ్యి పెట్టినా, పంపినవాళ్లే మాయ చేసినా పరీక్ష తప్పుతుంది. అంటే తనను పట్టుకునే సాధనాన్ని ఆమె తన చేత్తో వాళ్లకిచ్చింది. నేను చాలామంది ఠేకేదారుల కింద పనిచేశాను. తన తప్పు పట్టే చీటీని గిరాకీ చేతిలో పెట్టిన మనిషిని ఆమెకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

రాజం మాటల్తో తృప్తి పడలేదు. నేనే దొంగతనం చేసి చూస్తానన్నాడు. మేడమ్ ఆనందంగా ఒప్పుకుని దొంగ పనిముట్టు కూడా తనే ఇచ్చింది. సత్తయ్య వైపు పోయే పోగును మధ్యలో కోసి, వచ్చిన నలుసును పట్టుకుని చూసి, అలాంటిదే ఇంకొకటి పంపే డబ్బా అది. అతికింది నేనే. నలుసును సగం తాగి సగం వదలడం కుదరదు, అది ఒక్కటే. చూస్తే చెడుతుంది.

రాజం డబ్బా నడిపించాడు. కాసేపటికే మూడు కార్ఖానాల్లోనూ కొలత ఆగిపోయింది. పరీక్ష తప్పిందని తెర మీద వచ్చింది. దొంగ డబ్బా రాజం చేతికిచ్చినదంతా బొమ్మా బొరుసుల చెత్త. దొంగ డబ్బా తీశాను, మళ్లీ కొలత నడిచింది. మళ్లీ పెట్టించాడు, మళ్లీ ఆగింది.

అంజూర్ ఫాటా డబ్బాలో వెలుగు ఎన్నాళ్లు దొంగకు పాలిచ్చిందో, ఒక్కరోజూ చెప్పలేదు. ఇక్కడ కంటికి కనబడని నలుసు, తనను ఎవరో చూశారని అటువైపు చేరగానే చెప్పేసింది. తాకితే ముడుచుకునే అత్తిపత్తి ఆకు తెలుసు నాకు. తాకితే ముడుచుకునే వెలుగు ఈ లోకంలో ఉందని, అది నా చేత్తో అతికిన గాజులో నడుస్తోందని తలచుకుంటే, నా వేళ్లకేసి నేనే కొత్తగా చూసుకున్నాను.

దాని హద్దులు కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను అమ్మకం ఏజెంటును అవుతాను. ముగ్గురున్న వలలో ఇద్దరు కలిసి తమ వంతులు చెప్పుకుంటే, మొత్తంలోంచి తీసేసి మూడోవాడిది తెలుసుకోవచ్చు. దాన్ని ఏ సైన్సూ ఆపదు. ఇది మునీర్ సేఠ్ అడిగాడు కూడా, ఆ ఇద్దరూ బావా బావమరుదులు కదా అని. ఒకరి మొహం ఒకరు చూసుకోరు సేఠ్, మీకు అంతకన్నా గట్టి తాళం ఏం కావాలి అన్నాను. ఆయన ఇద్దరి వైపూ చూసి, నిజమేనన్నాడు.

మొత్తం

ఈసారి సాంచాలు నడిచాయి. చుట్టం వచ్చాడన్న మాట ఎక్కడా వినబడలేదు. పరీక్షలు నిలిచాయి. అంకె వచ్చింది. ఇంజనీరు చెప్పిన హద్దుకు చాలా పైన ఉంది.

బిస్సీలో అందరం కూర్చున్నాం. పైన రాత్రి పాళీ వాళ్లు పడుకుని ఉన్నారు కాబట్టి అందరూ గొంతు తగ్గించే మాట్లాడుతున్నారు. లస్మక్క గోడ వైపు చూడకుండా పళ్లేలు తుడుస్తోంది. మేడ ఖాళీ చేయిద్దామంటే వాళ్లను పంపడానికి ఇంకో చోటు లేదు. చేయకపోతే ఈ అంకె కింద ముప్పై మంది పడుకుంటారు. సాంచాల కింద రబ్బరు పీటలు వేసి, బోల్టులు బిగించి, కొన్నింటి వేగం తగ్గిస్తే ఊపు దిగుతుందని ఇంజనీరు అప్పుడే చెప్పి ఉన్నాడు. చేయాల్సింది ఎవరు అన్నదే ప్రశ్న.

చివరికి సత్తయ్య నోరు విప్పాడు. "తగ్గిస్త లస్మక్కా, తగ్గియ్యనని గాదు. నేను తగ్గిస్తే, నాదే ఎక్కువుండె అని నా నోటితోని నేను ఒప్పుకున్నట్టు గాదా? రేపు గోడకు ఏమన్నయితే అందరు నా ఇంటి మీదికే వస్తరు."

మిగతా ఇద్దరూ కిందికి చూశారు. వాళ్ల మనసులోనూ అదే ఉంది. నేను మేడమ్‌కు చెప్పాను. ఆమె జవాబును నేను మాట పొల్లుపోకుండా తెలుగు చేశాను.

"తగ్గించింది కూడ కనిపియ్యదు. మొత్తం దిగుతది, గంతే. ఎవలు దించిన్రో ఎవ్వలకు తెల్వది."

ఆ మాట ముగ్గురి మీదా ఎలా దిగిందో నేను చూశాను. ఇన్నాళ్లూ తప్పును దాచడానికే గుట్టు అనుకున్నారు. మంచిని కూడా దాచుకోవచ్చని, దాచుకుంటేనే అది చేయగలమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు.

తర్వాతి సెలవు రోజున మూడు కార్ఖానాల్లోనూ తలుపులు మూసి మిస్త్రీలు దిగారు. ముగ్గురి గడపలోకీ గోనెసంచి కప్పిన సామాను వెళ్లింది. ముగ్గురి మిస్త్రీలూ నూనె చేతులతో బయటికొచ్చారు. ఎవరు ఎన్ని పీటలు వేయించారో, ఎవరి మిస్త్రీ ఊరికే చాయ్ తాగి చేతులకు నూనె పూసుకుని వచ్చాడో తెలియదు. ముగ్గురి కూలీలూ తమ సేఠే ఎక్కువ చేశాడని బిస్సీలో వాదించుకునేవారు. మళ్లీ కొలిస్తే మొత్తం హద్దు కిందికి దిగింది. మేడమ్ పెట్టెను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఎవరి పుణ్యమో అందులో ఎక్కడా లేదు.

లస్మక్కకు ఇది మింగుడు పడలేదు. కృతజ్ఞత చెప్పాలంటే మనిషి కావాలి కదా. సర్వపిండి చేసి, నువ్వయితే మొహం చూసి పట్టేస్తావు, పో అంది. నేను మొహాలు చదవగలనని పేట అంతా చెప్పుకుని తిరిగినవాణ్ని, కాదనలేకపోయాను. మూడు పళ్లేలు పట్టుకుని బయల్దేరాను.

మునీర్ సేఠ్ ముక్క విరిచి నోట్లో వేసుకుని, కారం బాగుందన్నాడు. రాజం పళ్లెం తీసుకుని, ఎందుకని అడగకుండా లోపలికి పంపాడు. సత్తయ్య అక్కను బాగా చూసుకొమ్మన్నాడు. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు, ఎవరూ కళ్లు తప్పించుకోలేదు. ఒక్కొక్క మొహంలో బొమ్మా బొరుసూ తప్ప నాకేమీ దొరకలేదు.

తిరిగొచ్చేసరికి లస్మక్క గడపలో నిలబడి ఉంది.

"ఎవలురా?"

"ముగ్గురక్కా."

ఆమె గట్లనే కానీ అని, పైన పడుకున్నవాళ్లు లేస్తారని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి పొయ్యి దగ్గరికి వెళ్లింది.